తాడు లోపల జాడీ

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి మిల్లీమీటర్ రోజూ చేసే పనే చేశాడు. వాతావరణ కేంద్రం వెనక గడ్డిలో బిగించి ఉన్న వానజాడీ మూత తీసి చూశాడు. లోపలి సీసాలో నీళ్ళు లేవు. రిజిస్టరులో సున్నా, పక్కన చుక్క, చుక్క పక్కన మరో సున్నా వేసి సంతకం చేశాడు. వాన పడ్డ రోజూ పడని రోజూ ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. ఆ రిజిస్టర్లలో ఒక్క కొట్టివేత లేదు. అందుకే ఆఫీసులో అతనికి ఆ పేరు వచ్చింది, అసలు పేరు సంతకానికి మాత్రమే మిగిలింది.

మర్నాటి సంగతి చెప్పేవాళ్ళు పై అంతస్తులో కూర్చుంటారు. శనివారం సాయంత్రం వాన ఉండదని చెప్పింది వాళ్ళే. మిల్లీమీటర్ కింది అంతస్తు మనిషి. పడిపోయిన వాన గురించి తప్ప మాట్లాడడు.

ఆ సాయంత్రం అతనికి మరో డ్యూటీ ఉంది. ఊరి చివర మైదానంలో ఒక రాక్ బృందం ఆఖరి కచేరీ. మైదానం కింద బంకమన్ను. వేదికను పరీక్షించిన ఇంజనీరు ఒక షరతు రాశాడు. కచేరీ జరుగుతుండగా పది మిల్లీమీటర్ల వాన పడితే స్తంభాల కింద మన్ను మెత్తబడుతుంది కాబట్టి వెంటనే కరెంటు తీసేసి వేదిక ఖాళీ చేయాలి. పది పడిందో లేదో చెప్పడానికి వాతావరణ కేంద్రం నుంచి ఒక మనిషి కావాలని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరాన్ని పై అధికారి చదవడం పూర్తికాకముందే మిల్లీమీటర్ చెయ్యెత్తాడు.

కారణం ఎవరికీ చెప్పలేదు. ఆ బృందం తొలి క్యాసెట్టు అతని దగ్గర ఉంది. పెళ్ళికి ముందు పాత సామాన్ల కొట్లో కొన్నాడు. అందులో పది పాటలు. పదో పాటలో మొదటి చరణం అయ్యాక టేపు నలిగి ఉంది. అక్కణ్ణుంచి గాయకుడు నీళ్ళలో మునిగి మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. ఇంకో క్యాసెట్టు కొందామంటే కంపెనీ మూతపడింది. తర్వాత వచ్చిన సీడీలో తొమ్మిది పాటలే ఉన్నాయి. ఇంటర్నెట్లో ఎవరో పెట్టినవీ ఆ తొమ్మిదే. పదోది వాళ్ళు వేదిక మీద ఏనాడూ పాడలేదు. రెండో చరణంలో ఏముందని అడుగుతూ మిల్లీమీటర్ బృందానికి పదకొండు ఉత్తరాలు రాశాడు. జవాబు రాలేదు. ఆఖరి కచేరీలోనైనా పాడతారేమోనని టికెట్టుకి వెళ్ళాడు. కిటికీ పదింటికి తెరుస్తారన్నారు కాబట్టి సరిగ్గా పదింటికే వెళ్ళాడు. అప్పటికి ముందురోజు నుంచి నిలబడ్డవాళ్ళు టికెట్లన్నీ కొనేశారు.

మధ్యాహ్నం ఇంటి నుంచి బయల్దేరుతుంటే భార్య గొడుగు అందించింది.

"వద్దు. జాడీ పక్కన గొడుగు ఉండకూడదు. దాని నీళ్ళు అందులోకి కారతాయి."

"మీ నెత్తి మీద కారితే పర్లేదా?"

"నెత్తికి నిబంధన లేదు."

"తుమ్ములకి ఉందా? పోయిన వానాకాలం పదకొండు రోజులు తుమ్మారు. అదీ కొలిచి రాసుకున్నారుగా."

"పన్నెండు," అని మిల్లీమీటర్ గొడుగు తలుపు మూలన పెట్టి వెళ్ళిపోయాడు.

జాడీ ఎక్కడ పెట్టాలన్నదానికి లెక్క ఉంది. పక్కన ఎత్తైనది ఏదున్నా, దాని ఎత్తుకి రెండింతల దూరంలో పెట్టాలి. లేకపోతే దాని చాటున వాన తక్కువ పడుతుంది. వేదిక పైకప్పు పన్నెండు మీటర్లు. మిల్లీమీటర్ టేపు పట్టుకుని కొలిచాడు. వేదిక ముందు, నట్టనడుమ, ఇరవై నాలుగు మీటర్ల దగ్గర ఆగాడు. మళ్ళీ కొలిచాడు. అంతే వచ్చింది.

వేదిక మేనేజరు మెడలో బైనాక్యులర్స్ వేసుకుని పరుగున వచ్చాడు. "ఇక్కడా సార్? మైదానం మొత్తంలో ఇంతకంటే మంచి చోటు లేదు. దీనికోసం జనం కొట్టుకుంటున్నారు."

"నిబంధన," అన్నాడు మిల్లీమీటర్.

"ఆ పక్కకి పెట్టుకోకూడదా, టాయిలెట్ల దగ్గర?"

"టాయిలెట్లు కూడా ఎత్తే కదండీ. ఇంకో సంగతి. చుట్టూ నిలబడే మనుషులూ ఎత్తే. జాడీకి నాలుగువైపులా మూడేసి మీటర్లు ఖాళీ ఉండాలి."

మేనేజరు నాలుగు గుంజలు పాతించి తాడు కట్టించాడు. మైదానం మధ్యలో ఆరు మీటర్ల చదరం ఖాళీ అయింది. అందులో ఒక జాడీ, ఒక కుర్చీ, కొలత గ్లాసు పెట్టుకునే చెక్కపెట్టె, ఒక మనిషి మిగిలారు.

మోతలో మాటలు వినపడవు కాబట్టి చేతి గుర్తులు అనుకున్నారు. పది నిమిషాలకోసారి కొలిచి, మొత్తం ఎన్ని మిల్లీమీటర్లయితే అన్ని వేళ్ళు ఎత్తాలి. రెండు చేతులూ ఎత్తితే పది. అప్పుడు మేనేజరు కరెంటు తీసేస్తాడు.

"ఒకటి పాయింట్ నాలుగు వస్తే? వేలు సగం మడవనా?"

"వద్దు సార్. పాయింట్లు మీరే ఉంచుకోండి."

నాలుగింటికల్లా ఎనిమిది వేల మంది మైదానంలోకి వచ్చారు. వాళ్ళలో ముందున్న వాళ్ళెవరూ వేదిక వైపు చూడటం లేదు. అందరూ తాడు చుట్టూ మూగి జాడీని చూస్తున్నారు.

"అందులోంచి పొగ వస్తుందంట," అన్నాడు నల్ల బనియను వేసుకున్న ఒకతను.

"పొగ కాదురా. పాడే ఆయనే వస్తాడు. కింద సొరంగం తవ్వారు," అన్నాడు పక్కనున్న గడ్డపాయన.

"ఆయన ఈ జాడీలో పడతాడా అన్నా?"

"జాడీ గుర్తుకి పెట్టారు. ఈ చదరమంతా తలుపే. లేకపోతే ఇంత ఖాళీ ఎవడు వదులుతాడు?"

మిల్లీమీటర్ దగ్గరకొచ్చి చెప్పాడు. "ఇది వాన కొలిచే జాడీ."

గడ్డపాయన కన్ను గీటాడు. "అలా చెప్పమన్నారా సార్ మిమ్మల్ని?"

"నేనే చెబుతున్నాను."

"అర్థమైంది సార్. మేం ఎవరికీ చెప్పం." అయిదు నిమిషాల్లో మైదానం గేటు దాకా అందరికీ తెలిసిపోయింది.

నాలుగున్నరకి కచేరీ మొదలైంది. రెండో పాట నడుస్తుండగా పడమటి నుంచి గాలి లేచింది. స్పీకర్ల మీద కప్పిన టార్పాలిన్లు ఉబ్బాయి. ఉరిమింది. వాన అడ్డంగా వచ్చింది. పై అంతస్తు వాళ్ళ మాట అయిదింటికి తేలిపోయింది.

మిల్లీమీటర్ మోకాళ్ళ మీద కూర్చుని జాడీ గరాటు ఎత్తి, సీసాలో నీళ్ళు కొలత గ్లాసులోకి వంచి, గ్లాసును కంటి ఎత్తులో పట్టుకుని చూశాడు. ఒకటి పాయింట్ ఒకటి. నోటుపుస్తకంలో రాసుకున్నాడు. లేచి, వేదిక పక్కనున్న మేనేజరుకి కనపడేలా ఒక వేలు ఎత్తాడు.

తాడు చుట్టూ ఉన్నవాళ్ళు ఇంతసేపూ దీనికోసమే చూస్తున్నారు. వాళ్ళూ ఒక వేలు ఎత్తారు. వాళ్ళ వెనకవాళ్ళకి ఎందుకో తెలియలేదు గానీ వాళ్ళూ ఎత్తారు. పది నిమిషాల తర్వాత మిల్లీమీటర్ రెండు వేళ్ళు ఎత్తితే మైదానంలో సగం మంది రెండు వేళ్ళు ఎత్తారు. మూడో కొలతకి ఎనిమిది వేల చేతులు లేచాయి.

వేదిక మీద డ్రమ్ములాయన గాయకుడి చెవి దగ్గర వంగి ఏదో అన్నాడు. ఏమన్నాడో తర్వాత తెలిసింది. "వీళ్ళు నంబర్లు చూపిస్తున్నారు. తొలి క్యాసెట్టులో మూడోది అడుగుతున్నారు." గాయకుడు మైదానం వైపు చూసి, మూడు వేళ్ళు ఎత్తి చూపించి, కొత్త పాట ఆపేసి ఆ మూడో పాట అందుకున్నాడు. తమ వేళ్ళకి ఇంత శక్తి ఉందని జనానికి అప్పుడే తెలిసింది. గడ్డపాయన తాడు మీదుగా వంగి మిల్లీమీటర్‌కి రెండు చేతులా దండం పెట్టాడు.

మేనేజరు బురదలో జారుతూ వచ్చాడు. "సార్, నాకు ఎనిమిది వేల చేతులు కనపడుతున్నాయి. ఎవరి చెయ్యి నమ్మను?"

"మూడు పాయింట్ రెండు."

"ఇప్పటికి సరే. పది అయినప్పుడు మాత్రం కుర్చీ ఎక్కి చూపించండి. కుర్చీ మీ ఒక్కరికే ఉంది."

నాలుగో కొలత. నాలుగు వేళ్ళు. బృందం నాలుగో పాట పాడింది. అయిదో కొలతకి అయిదోది మొదలైనప్పుడు మిల్లీమీటర్‌కి సంగతి తెలిసింది. 

పది వేళ్ళు లేస్తే పదో పాట. పదో పాటలో రెండో చరణం. కానీ పది వేళ్ళు లేస్తే మేనేజరు కరెంటు తీసేస్తాడు. కరెంటు ఉండాలంటే పది పడకూడదు. పాట రావాలంటే పది పడాలి. ఇరవై ఆరేళ్ళలో వాన పడాలనో పడకూడదనో అతను ఎన్నడూ కోరుకోలేదు. పడింది రాయడమే. ఇప్పుడు ఆకాశం వంక చూసి, ఏం కోరుకోవాలో తెలియక, కుర్చీలో కూర్చున్నాడు.

ఆకాశం అతని ఇబ్బంది తీర్చేసింది. ఆరో కొలతకి మొత్తం సరిగ్గా ఆరు పాయింట్ సున్నా దగ్గర ఉండగా వాన ఆగింది. గాలీ ఉరుములూ మిగిలాయి. టార్పాలిన్ల మీది నీళ్ళు గాలికి తుంపరగా ఎగిరి జనం మీద పడుతున్నాయి. అది కొలతకి అందదు. మిల్లీమీటర్ ఒక చెయ్యీ ఒక వేలూ ఎత్తాడు. మైదానం ఎత్తింది. బృందం ఆరో పాట అందుకుంది. ఇంక ఏడు రాదు. మిల్లీమీటర్ ఆరో పాట వింటూ, కంఠతా వచ్చిన మాటలకి పెదాలు కదుపుతూ కూర్చున్నాడు.

"ఇదా డ్యూటీ?"

వెనక భార్య నిలబడి ఉంది. చేతిలో సంచి, సంచిలో ఫ్లాస్కు, తువ్వాలు. గేటు దగ్గర ఆపిన వాళ్ళందరికీ వాన కొలిచేవారి ఇంటావిణ్ణని చెప్పిందట. ఆ మాట వినగానే జనం ఆవిడకి తాడు దాకా దారి ఇచ్చారు.

"డ్యూటీయే," అన్నాడు మిల్లీమీటర్.

"పెదాలు కదులుతున్నాయి."

"లెక్కపెట్టుకుంటున్నా."

"రాగం తీసి లెక్కపెడతారా ఎవరైనా? ఆ విరిగిన థర్మామీటర్ల పెట్టెలో క్యాసెట్టు ఉందని నాకు పదిహేనేళ్ళుగా తెలుసు. దుమ్ము దులిపేది నేనే కదా. ముందు తల ఇలా పెట్టండి."

ఆవిడ తువ్వాలుతో అతని తల తుడిచింది, మెడ తుడిచింది, చొక్కా మీద నీళ్ళు అద్దింది. కుర్చీ తుడిచింది. తాడు అవతల గడ్డపాయన వణుకుతుంటే అతనికి ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చింది. మిల్లీమీటర్ ఆరో పాట చివరి వాయిద్యం వింటున్నాడు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి అతని కళ్ళు జాడీ మీదా లేవు, ఆకాశం మీదా లేవు.

పాట అయిపోయింది. టైమైంది. మిల్లీమీటర్ అలవాటుగా మోకాళ్ళ మీద కూర్చుని సీసా వంచాడు. నీళ్ళు వచ్చాయి. గ్లాసు కంటి ఎత్తులో పట్టుకున్నాడు. నాలుగు పాయింట్ సున్నా. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. నాలుగే.

ఒంటికి వాన తెలియలేదు. కానీ ఒంటిని కాకుండా గ్లాసును నమ్మడం అతని వృత్తి. పైగా తను పాట వింటున్నాడు. పాట వినేవాడికి వాన ఎంత పడిందో ఏం తెలుస్తుంది? ఆరూ నాలుగూ కలిపాడు. కుర్చీ ఎక్కాడు. రెండు చేతులూ ఎత్తి పది వేళ్ళూ చాపాడు.

మైదానమంతా ఎనభై వేల వేళ్ళు లేచాయి.

గాయకుడు గిటారు మీద చెయ్యి ఆపాడు. వెనక్కి తిరిగి మిగతా ముగ్గురినీ చూశాడు. డ్రమ్ములాయన తల అడ్డంగా ఊపాడు. గాయకుడు మళ్ళీ జనాన్ని చూశాడు. అప్పుడే మేనేజరు కుర్చీ మీది మనిషిని చూసి స్విచ్చి లాగేశాడు. స్పీకర్లు ఆగాయి. దీపాలు ఆరాయి. సాయంత్రపు వెలుతురు ఇంకా ఉంది.

"దిగండి, దిగండి. పది అయింది. వేదిక మీద ఎవరూ ఉండకూడదు," అని మేనేజరు అరుస్తున్నాడు.

బృందం దిగింది. దిగి, కరెంటు అక్కర్లేని చెక్క గిటారు ఒకటి పట్టుకుని జనంలోకి నడిచింది. షరతు వేదిక గురించే, నేల గురించి కాదు. అంత జనంలో నలుగురు నిలబడటానికి ఖాళీ ఒక్కచోటే ఉంది. వాళ్ళు తాడు దాటి లోపలికి వచ్చారు.

"ఈ చదరమే తలుపంటే నమ్మావా?" అన్నాడు గడ్డపాయన నల్ల బనియనతనితో.

డ్రమ్ములాయన వాయించడానికి ఏముందని చూసి జాడీ ముందు కూర్చున్నాడు. "అది ముట్టుకోకండి," అని మిల్లీమీటర్ చెక్కపెట్టె ఇచ్చాడు. గాయకుడు జాడీకి మరీ దగ్గరగా నిలబడ్డాడు. "రెండడుగులు వెనక్కండి," అన్నాడు మిల్లీమీటర్. గాయకుడు వెనక్కి జరిగి, గొంతు సవరించుకుని, పదో పాట మొదలుపెట్టాడు.

ముందువాళ్ళకి గాయకుడు వినిపించాడు. వెనకవాళ్ళకి ముందువాళ్ళు కూనిరాగం తీసింది వినిపించింది. మొదటి చరణం అయింది. మిల్లీమీటర్ కుర్చీ వీపు పట్టుకున్నాడు. ఇప్పుడు, టేపు నలిగిన చోటు. గాయకుడు కళ్ళు మూసుకుని, మొదటి చరణమే మళ్ళీ పాడాడు. ఇంకోసారి మరింత నెమ్మదిగా పాడాడు. పాట ముగించాడు.

మైదానం హోరెత్తింది. గాయకుడు వంగి నమస్కారం చేస్తుంటే మిల్లీమీటర్ అతని పక్కకి వెళ్ళాడు.

"రెండో చరణం వదిలేశారు."

గాయకుడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవరూ కనిపెట్టలేదు."

"నేను కనిపెట్టాను."

"అది నాకు రాదు మాస్టారూ. రికార్డింగు రోజున కాగితం చూసి పాడాను. ఆ కాగితం పోయింది. అందుకే ఇన్నేళ్ళూ పాడలేదు. ఎవరో ఒకాయన దానికోసం ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. ఏమని జవాబిస్తాం?" అతని ముఖంలో ఆశ కనిపించింది. "మీ దగ్గర ఒరిజినల్ క్యాసెట్టు ఉన్నట్టుంది. మీకొస్తే రాసి పెట్టండి, పుణ్యముంటుంది."

టేపు అక్కడే నలిగిందని మిల్లీమీటర్ చెప్పాడు. "కనీసం దేని గురించి?"

"గుర్తులేదు. వాన గురించి అనుకుంటా."

బృందం వెళ్ళిపోయింది. జనం మెల్లగా గేటు వైపు కదిలారు. మిల్లీమీటర్ ఆఖరి కొలతకి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సీసా ఖాళీ.

"ఇంకా కొలుస్తారేంటి? ఇందాక తువ్వాలు నీళ్ళు కూడా కొలిచారు కదా," అంది భార్య.

మిల్లీమీటర్ తల తిప్పాడు. "ఏ తువ్వాలు?"

"మీ తల తుడిచిన తువ్వాలు. పిండటానికి చోటు లేక దీంట్లో పిండాను. గరాటు ఉందిగా, నీళ్ళు పోయడానికే అనుకున్నా."

"గొడుగు వద్దన్నది ఎందుకని?"

"గొడుగు తేలేదుగా."

మిల్లీమీటర్ తువ్వాలు తీసుకుని గుంటలో నీళ్ళలో ముంచాడు. దానితో తల, మెడ, చొక్కా, కుర్చీ, మొదట తుడిచిన వరసలోనే తుడిపించాడు. "ఇందాక ఎంత గట్టిగా పిండావో అంతే గట్టిగా పిండు," అని కొలత గ్లాసు కింద పట్టాడు. నాలుగు పాయింట్ ఒకటి. మళ్ళీ చేయించాడు. మూడు పాయింట్ తొమ్మిది. మూడోసారి నాలుగు. కూడి మూడు పెట్టి భాగించాడు.

మేనేజరు వచ్చి ఇదంతా చూస్తూ నిలబడ్డాడు. "అంటే వాన ఆరేనా?"

"ఆరే."

"పది అనే ఉండనివ్వండి సార్. ఆరుకి కరెంటు తీశానంటే ఎనిమిది వేల మంది కచేరీ ఊరికే చెడగొట్టినవాణ్ణి అవుతాను. జనం సంతోషంగానే ఉన్నారు. పాడినవాళ్ళు కూడా ఇలాంటి కచేరీ జన్మలో చేయలేదన్నారు. ఒక్క అంకె కదా?"

మిల్లీమీటర్ నోటుపుస్తకం వైపు చూశాడు. ఆరు తర్వాత నాలుగు అని తన చేత్తోనే రాసి ఉంది. కొట్టేస్తే ఇరవై ఆరేళ్ళలో మొదటి కొట్టివేత. ఉంచేస్తే మొదటి అబద్ధం.

"మీరు పది చూసే తీశారు. చూపించింది నేను. అదీ రాస్తాను," అన్నాడు.

మేనేజరు మిల్లీమీటర్ భార్య వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండమ్మా."

"ఉన్నది రాయనివ్వండి బాబూ. నా తువ్వాలు నాలుగు మిల్లీమీటర్లు పట్టిందంటే నాకేం నామోషీ?" అంటూ ఆవిడ ఫ్లాస్కు సంచిలో పెట్టుకుంది.

సోమవారం పొద్దున పై అధికారి రిజిస్టరు తెరిచాడు. కొట్టివేత ఎక్కడా లేదు. శనివారం సాయంత్రపు వరసలో నాలుగు వాక్యాలున్నాయి: వాన ఆరు మిల్లీమీటర్లు. తువ్వాలు నాలుగు (మూడు పిండుళ్ళ సగటు). పది చూపించింది నేను. రెండో చరణం నమోదు కాలేదు.